బెంచీ మీద కూర్చోబెట్టి విశ్వాసం అడగకండి

ఈ ఏడాది (2026) జనవరిలో మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర జరిగిన గొడవ ఇది. గొడవంటే పెద్దదేం కాదులెండి. నేను ఉప్మా తింటూ కూర్చున్నాను, మా టీములో సీనియరు అన్న ఒకాయన ఏకధాటిగా వాయించాడు. ఆయనది గుంటూరు దగ్గర, ఎమ్మెస్ ఓక్లహోమాలో. అప్పట్నుంచీ ఓక్లహోమా యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీముకి వీరాభిమాని. శనివారం మ్యాచ్ ఉందంటే ఎర్ర చొక్కా తప్ప ఇంకోటి వేసుకోడు. వదినగారు పిల్లలకి కూడా అవే కొనాలి.

ఆ రోజు ఆయన బాధ ఏంటంటే, కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్ళు కాలేజీలు మారిపోతున్నారట. ఆ జనవరిలో 2వ తారీకు నుంచి 16 దాకా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తలుపులు తెరిచారు. రోజూ పొద్దున్నే ఫోను తీసి చూడ్డం, ఎవరెవరు వెళ్ళిపోతున్నారో లెక్కపెట్టుకోవడం. "ఏం రోజులొచ్చాయి తమ్ముడూ! నాలుగు మ్యాచుల్లో ఆడించకపోతే పెట్టె సర్దేయడమే! ఓపిక లేదు, విశ్వాసం లేదు. మా రోజుల్లో ఇలా ఉండేది కాదు" అన్నాడు.

మా రోజుల్లో అంటే మరీ ముత్తాతల నాటి మాటేం కాదు. 2009 సంగతి. ఆయన అక్కడ ఎమ్మెస్ చేసి, ఆ తర్వాత ఇప్పటికి ఐదు కంపెనీలు మారాడు. ప్రతి మార్పులోనూ జీతం పెరిగింది, ఇల్లు పెద్దదయ్యింది. దాన్ని నేను తప్పు పట్టట్లేదు, నాకే రిఫరల్ ఇచ్చి ఈ కంపెనీలోకి లాగిన మనిషి. కానీ ఐదు కంపెనీలు మారినాయన పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి శ్రీరంగనీతులు చెప్తుంటే నా ఉప్మా గొంతు దిగలేదు. ఆ వేళ పెద్దాయనని ఎదిరించడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. అన్నా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. కోపం తెచ్చుకోకు.

ముందు ఈ ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. తెలిసినవాళ్ళు దాటేయండి.

అమెరికా ఫుట్‌బాల్‌లో మైదానంలో ఉండేది పదకొండు మంది. కాలేజీ టీములో ఉండేది వందమందికి పైగా. రన్నింగ్ బ్యాకులు, లైనుమెన్ లాంటివాళ్ళని మార్చి మార్చి దింపుతారు గానీ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఒక్కడే. వాడు బాగా ఆడుతున్నంతకాలం, వాడి కాలో చెయ్యో విరగనంతకాలం, రెండోవాడికి పనే లేదు. క్లిప్‌బోర్డు పట్టుకుని సైడు లైన్లో నిలబడటమే. ఇహ లెక్క చూడండి. హైస్కూలు అయ్యాక మూడేళ్ళు గడిస్తే తప్ప ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు తీసుకోరు. మధ్యలో ఆడటానికి కాలేజీ తప్ప చెప్పుకోదగ్గ చోటు లేదు. ఆ కాలేజీలో కూడా ఐదేళ్ళలోపు నాలుగు సీజన్లు ఆడేయాలన్నది ఏళ్ళ తరబడి నడిచిన లెక్క. సీజనుకి పన్నెండు మ్యాచులు, బాగా ఆడితే ఇంకొన్ని. అంటే ఒక కుర్రాడికి జీవితంలో దొరికేది యాభై చిల్లర శనివారాలు. అందులో రెండేళ్ళు బెంచీ మీద పోతే ఏం మిగిలిందో మీరే చెప్పండి.

మనకి ఇవాళ ప్రాజెక్టు రాకపోతే రేపొస్తుంది, నలభై ఏళ్ళకి కూడా కొత్త లాంగ్వేజీ నేర్చుకోవచ్చు. వాడికి ఇరవై మూడేళ్ళు నిండేసరికి దాదాపు తలుపు మూసేస్తారు. ఓపిక గురించి వాడికి మనం పాఠం చెప్పాలా?

సరే, అన్నయ్యగారి టీము దగ్గరికే వద్దాం. ఓక్లహోమాకి 2017లో హైస్‌మన్ ట్రోఫీ తెచ్చినవాడు బేకర్ మేఫీల్డ్. ఎక్కణ్ణించి వచ్చాడు? టెక్సాస్ టెక్ నుంచి. 2018లో మళ్ళీ హైస్‌మన్ తెచ్చినవాడు కైలర్ మర్రీ. ఎక్కణ్ణించి? టెక్సాస్ ఏ అండ్ ఎం నుంచి. 2019లో హైస్‌మన్ ఓట్లలో రెండో స్థానంలో నిలిచినవాడు జేలెన్ హర్ట్స్. వాడు అలబామా నుంచి. వరసగా మూడేళ్ళు, ముగ్గురు క్వార్టర్‌బ్యాకులు, ముగ్గురూ వేరే కాలేజీ వదిలేసి వచ్చినవాళ్ళే! 2018, 2019 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టుల్లో మొట్టమొదట పిలిచిన పేర్లు కూడా మేఫీల్డ్, మర్రీలవే. ఆ మూడేళ్ళూ మా అన్న ఆనందానికి అవధుల్లేవు. అప్పుడు విశ్వాసం గుర్తు రాలేదు. మన గడపలోకి వస్తే ప్రతిభ, మన గడప దాటి వెళ్తే ద్రోహం. ఇదెక్కడి న్యాయం అన్నా?

ఆ మేఫీల్డ్ కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత రూల్సు ఎంత దుర్మార్గంగా ఉండేవో అందులో తెలుస్తుంది. వాడు 2013లో టెక్సాస్ టెక్‌లో చేరినప్పుడు స్కాలర్‌షిప్పు లేదు. సొంత ఖర్చుతో చేరి, టీములోకి నడిచొచ్చినవాడు. అయినా మొదటి ఏడాదే మొదటి మ్యాచులో క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. తర్వాత మోకాలికి దెబ్బ తగిలింది, ఇంకోడు ఆ చోటులోకి వచ్చాడు. సీజను అయ్యాక వీడు ఓక్లహోమాకి వెళ్ళిపోయాడు. అక్కడ కూడా స్కాలర్‌షిప్పు లేకుండానే! రెండు కాలేజీలూ ఒకే కాన్ఫరెన్సులో ఉన్నాయి కాబట్టి 2014 అంతా ఆడకుండా కూర్చోబెట్టారు. అది చాలదన్నట్టు నాలుగు సీజన్లలో ఒకదాన్ని కోసేశారు. కాలేజీ వాడికి రూపాయి స్కాలర్‌షిప్పు ఇవ్వలేదు, కానీ వాడి ఏడాదిని మాత్రం లాక్కుంది. చివరికి 2016 జూన్‌లో ఆ కాన్ఫరెన్సు పెద్దలు రూలు మార్చి, స్కాలర్‌షిప్పు ఆఫరు లేని వాకాన్‌లకి ఆ కోత ఉండదన్నారు. అలా తిరిగొచ్చిన ఏడాదే 2017. వాడు హైస్‌మన్ గెలిచిన ఏడాది! రూలు మారకపోయుంటే ఆ సీజనే లేదు. మా అన్న గోడ మీద ఫ్రేము కట్టించుకున్న ఫోటో కూడా లేదు.

"కానీ ఒక ఏడాది కూర్చోబెట్టడం చదువు కోసం కదా, కొత్త కాలేజీకి అలవాటు పడాలి కదా" అంటారు కొందరు పెద్దమనుషులు. ఎన్‌సీఏఏ వాళ్ళు కూడా దశాబ్దాలపాటు అదే పాట పాడారు. వినడానికి బానే ఉంటుంది. అయితే ఆ రూలు ఎవరికి వర్తించేదో తెలుసా? ఫుట్‌బాల్, మగవాళ్ళ, ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, మగవాళ్ళ ఐస్ హాకీ. ఈ ఐదింటికే. టెన్నిస్ ఆడే అమ్మాయి, ఈత కొట్టే అబ్బాయి అయితే ఒకసారి మారి, వెళ్ళిన వెంటనే ఆడేయొచ్చు. వాళ్ళకి మాత్రం కొత్త కాలేజీకి అలవాటు పడక్కర్లేదా? టికెట్లు అమ్ముడయ్యే ఆటల్లో, టీవీ డబ్బులొచ్చే ఆటల్లో ఉన్నవాళ్ళకే చదువు మీద అంత శ్రద్ధ ఎందుకు పుట్టుకొచ్చిందంటారు? అదే స్టేడియంలో హాఫ్ టైములో బూర ఊదే బ్యాండు కుర్రాడు కాలేజీ మారితే ఎవడూ ఏడాది బూర ముట్టుకోవద్దనలేదు.

అక్కడితో ఆగితే బావుండేది. 2018కి ముందు వేరే కాలేజీతో మాట్లాడాలన్నా ఉన్న కాలేజీ పర్మిషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే కొత్త కాలేజీలో మొదటి ఏడాది స్కాలర్‌షిప్పు రాదు. కోచ్‌లు లిస్టులు రాసేవాళ్ళు, ఫలానా ఫలానా చోట్లకి వెళ్ళకూడదని. 2013లో వెస్ లంట్ అనే క్వార్టర్‌బ్యాక్ ఓక్లహోమా స్టేట్ వదిలి వెళ్తానంటే, దాదాపు 40 కాలేజీల పేర్లు రాసి వీటికి మాత్రం వీల్లేదన్నారు. దేశమంతా నవ్వింది.

మన జనాలకి ఇది కొత్తగా అనిపిస్తోందా? ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో కాలేజీ నచ్చక టీసీ అడిగితే "మిగతా మూడేళ్ళ ఫీజు కట్టి తీసుకెళ్ళు" అన్న మాట మనలో ఎంతమంది వినలేదు? ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం ఎంతమందికి తెలియదు? అలా పెట్టుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషను ఇవ్వాల్సొచ్చిందంటే ఆ జబ్బు ఎంత ముదిరిందో అర్థం చేసుకోండి. మనకి టీసీ ఇవ్వని ప్రిన్సిపాలుని తిట్టుకున్నాం. అదే పని చేసిన కోచ్‌ని పట్టుకుని క్రమశిక్షణ నేర్పే గురువు అంటున్నాం.

సరే, 2018 అక్టోబరు 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలయ్యింది. కుర్రాడు రాసిస్తే రెండు పనిదినాల్లో కాలేజీ వాడి పేరు ఎక్కించాలి, ఆపడానికి వీల్లేదు. 2021 ఏప్రిల్‌లో ఈ ఐదు ఆటలవాళ్ళు కూడా ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు. 2023 డిసెంబరులో కొన్ని రాష్ట్రాలు కలిసి వేసిన కేసులో వెస్ట్ వర్జీనియా ఫెడరల్ జడ్జి రెండోసారి మారినా ఆపకూడదన్నాడు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడొచ్చని రూలు మార్చింది. ఒక్కొక్క మెట్టూ ఇలా కోర్టు చుట్టూ తిరిగో, జనం నవ్వితేనో కదిలింది గానీ, పెద్దల మనసు కరిగి కాదు.

ఇక విశ్వాసం. ఎవరి విశ్వాసం గురించి మాట్లాడుకుందాం?

2021 నవంబరులో ఓక్లహోమా కోచ్ లింకన్ రైలీ, ఓక్లహోమా స్టేట్ చేతిలో ఓడిన మర్నాడే యూఎస్‌సీకి వెళ్ళిపోతున్నానన్నాడు. అదే వారంలో బ్రయన్ కెల్లీ నోటర్‌డామ్‌ని వదిలి ఎల్‌ఎస్‌యూకి వెళ్ళిపోయాడు. ఆ ఎల్‌ఎస్‌యూ 2025 అక్టోబరులో ఆయన్ని పీకేసింది, కాంట్రాక్టు ప్రకారం ఇవ్వాల్సింది సుమారు 5.4 కోట్ల డాలర్లు. ఆ కుర్చీలోకి వచ్చిందెవరు? లేన్ కిఫిన్. ఓల్ మిస్ టీము పదకొండు మ్యాచులు గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్ళబోతుంటే, ఆ పిల్లల్ని మధ్యలో వదిలేసి వెళ్ళాడు. మా టెక్సాస్‌లోనే 2023 నవంబరులో ఏ అండ్ ఎం వాళ్ళు జింబో ఫిషర్‌ని ఇంటికి పంపడానికి సుమారు 7.6 కోట్ల డాలర్లకి ఒప్పుకున్నారు. పని చెయ్యొద్దు మహాప్రభో, ఇంట్లో కూర్చోమని ఇచ్చిన డబ్బు అది! వీళ్ళలో ఒక్కణ్ణి కూడా ఏడాదిపాటు కోచింగు చెయ్యకుండా కూర్చోమని ఏ రూలూ అనలేదు.

కుర్రాడు ఏ కోచ్‌ని చూసి చేరాడో ఆ కోచే వెళ్ళిపోయాక కూడా కుర్రాడు మాత్రం గోడలకి విశ్వాసంగా ఉండాలన్నమాట.

ఫ్యాన్సు విశ్వాసం ఇంకా గొప్పది. 2021 సీజను మొదలయ్యే ముందు హైస్‌మన్ వీడికే అని అందరూ అనుకున్నవాడు ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ స్పెన్సర్ ర్యాట్లర్. సెప్టెంబరులో సొంత స్టేడియంలో, సొంత ఫ్యాన్సు, వాడు మైదానంలో ఉండగానే వాడి బదులు కేలెబ్ విలియమ్స్ కావాలని కేకలు పెట్టారు. అక్టోబరులో మా డల్లాస్ కాటన్ బౌల్లో టెక్సాస్ మీద మ్యాచ్. 28-7తో వెనకబడ్డాక ర్యాట్లర్‌ని దింపేసి కేలెబ్‌ని దింపారు, 55-48తో గెలిచారు. గొప్ప మ్యాచే, కాదనను. కానీ ఆ సీజను అయ్యాక ర్యాట్లర్ సౌత్ కరోలినాకి వెళ్ళిపోతే, కేకలు పెట్టిన నోళ్ళే "పారిపోయాడు" అన్నాయి. పొమ్మని పొగబెట్టి, పోతే పారిపోయాడనడం! వాడు అక్కడ రెండు సీజన్లు ఆడాడు, 2024లో ఐదో రౌండులో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళాడు. ఓక్లహోమా బెంచీ మీదే విశ్వాసంగా కూర్చునుంటే ఎవడు పిలిచేవాడు?

ఇప్పుడు జేలెన్ హర్ట్స్ గురించి. ఈ కుర్రాడంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 2018 జనవరి 8, అట్లాంటాలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్. అలబామా 13-0తో వెనకబడి ఉంది. హాఫ్ టైములో హర్ట్స్‌ని పక్కన కూర్చోబెట్టి టువా టాగోవైలోవాని దింపారు. టువా మ్యాచ్ గెలిపించాడు, ఓవర్‌టైములో 26-23. దేశమంతా చూస్తుండగా జరిగిన అవమానం అది. హర్ట్స్ వెంటనే వెళ్ళిపోలేదు. ఇంకో ఏడాది ఉన్నాడు, బెంచీ మీద. 2018 డిసెంబరులో అదే స్టేడియం, అదే జార్జియా టీము, టువాకి దెబ్బ తగిలింది. హర్ట్స్ లేచి వెళ్ళి మ్యాచ్ గెలిపించాడు, 35-28. ఆ నెలలోనే డిగ్రీ పట్టా తీసుకున్నాడు. ఆ తర్వాత ఓక్లహోమాకి వెళ్ళాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాకి సూపర్‌బౌల్ గెలిపించి, ఆ మ్యాచులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

ఓపిక పాఠం చెప్పేవాళ్ళు ఈ కథలో మొదటి సగమే చెప్తారు. ఉన్నాడు, ఎదురుచూశాడు, గెలిపించాడు అని. రెండో సగం మింగేస్తారు. గెలిపించాక కూడా వాడు వెళ్ళాడండీ! ఎందుకంటే మరుసటి ఏడాది కూడా ఆ చోటు టువాదే అని వాడికి తెలుసు. జో బర్రో కూడా అంతే. ఒహాయో స్టేట్‌లో మూడేళ్ళు ఉండి, డిగ్రీ పూర్తి చేసుకుని, తనకి చోటు లేదని తేలాక 2018లో ఎల్‌ఎస్‌యూకి వెళ్ళాడు. 2019లో 60 టచ్‌డౌన్ పాసులు, 15-0, హైస్‌మన్, ఆ పైన డ్రాఫ్టులో మొదటి పేరు. ఒహాయో స్టేట్‌లో వాణ్ణి ఎవరూ చూడనే లేదు. చూపించుకునే అవకాశం దొరకలేదు, అంతే.

"మరి మ్యాక్ జోన్స్ సంగతేంటి? వాడు అలబామాలోనే హర్ట్స్, టువాల వెనకాల ఏళ్ళ తరబడి ఉండి, 2020లో ఛాంపియన్‌షిప్ కొట్టలేదా?" అంటారు. కొట్టాడు, శభాష్. కైలర్ మర్రీ కూడా ఓక్లహోమాలో మేఫీల్డ్ వెనకాల ఒక సీజను ఉన్నాడు. ఎదురుచూడటం తప్పని నేనెక్కడన్నాను? తలుపు తీసి ఉన్నప్పుడు కూడా ఆగినవాడిది ఓపిక. తాళం వేసిన గదిలో ఉన్నవాడి ఓపికని పొగడటంలో అర్థం లేదు.

గెలిచినవాళ్ళ పేర్లే చెప్తున్నానని అనుకోవచ్చు. అందుకని ఓడినవాడి గురించి కూడా చెప్తాను. కెల్లీ బ్రయంట్. క్లెమ్సన్‌లో 2017లో టీముని ప్లేఆఫ్ దాకా తీసుకెళ్ళినవాడు. 2018లో నాలుగు మ్యాచులయ్యాక, కొత్తగా వచ్చిన ట్రెవర్ లారెన్స్‌కి చోటు ఇచ్చేశారు. సరిగ్గా ఆ ఏడాదే కొత్త రూలొచ్చింది, నాలుగు మ్యాచుల్లోపు ఆడితే ఆ సీజను లెక్కలోకి రాదని. వీడు ఆ రెండ్రోజుల్లోనే టీము వదిలేశాడు. ఆ శనివారమే లారెన్స్‌కి దెబ్బ తగిలింది, మూడోవాడితో చచ్చీచెడీ గెలిచారు. ఇహ చూడండి తిట్లు! సీజను మధ్యలో తోటివాళ్ళని వదిలేశాడన్నారు. ఆ ఏడాది క్లెమ్సన్ 15-0తో ఛాంపియన్ అయ్యింది. బ్రయంట్ మిస్సోరీకి వెళ్ళాడు. అక్కడ 2019లో టీము 6-6. డ్రాఫ్టులో వాణ్ణి ఎవరూ పిలవలేదు.

వాడిది తప్పా? నా లెక్కలో కాదు. క్లెమ్సన్‌లో ఉంటే వాడికొక ఉంగరం దొరికేది, చూసి మురవడానికి. మిస్సోరీలో ఒక సీజను దొరికింది, ఆడటానికి. ఆడి, తన స్థాయి ఎంతో తెలుసుకున్నాడు. నాకది చిన్న విషయంగా కనిపించదు. తోటివాళ్ళకి ఇబ్బంది అయ్యింది, నిజమే. దానికి వాడు మోయాల్సిన మాట కొంత ఉంది, అది కూడా నిజమే. కానీ సీజను మధ్యలో వాణ్ణి దింపింది టీము మంచి కోసం అయితే, సీజను మధ్యలో వాడు దిగిపోయింది తన మంచి కోసం. మొదటిదాన్ని వ్యూహం అని, రెండోదాన్ని ద్రోహం అని అనడం కుదరదు.

ఇంత ఆవేశం ఎందుకంటే, నేనూ బెంచీ మీద కూర్చున్నాను కాబట్టి. 2019లో బీటెక్ అవ్వగానే హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో చేరాను. రెండేళ్ళ బాండు, సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర. జావాలో ట్రైనింగు ఇచ్చారు, తర్వాత పదకొండు నెలలు బెంచి. పొద్దున కార్డు గీకి లోపలికెళ్ళడం, సాయంత్రం గీకి బయటికి రావడం. మధ్యలో టేబుల్ టెన్నిస్, టీ, రిసోర్స్ మేనేజరుకి మెయిలు. అమ్మ మాత్రం చుట్టాలందరికీ మావాడు పెద్ద కంపెనీలో ఇంజినీరు అని చెప్పుకునేది. ఫోన్లో "ఏం చేస్తున్నావు నాన్నా" అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. జీతం వస్తోంది కదా, ఏంటి నీ ఏడుపు అనేవాళ్ళు ఫ్రెండ్సు. బెంచీ మీద జీతం రావడం వేరు, మనకి పని వచ్చో రాదో మనకే తెలియకపోవడం వేరు. బయట ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "ఈ ఏడాది ఏ ప్రాజెక్టు చేశారు?" అనే. ఈ కుర్రాళ్ళకీ అదే. మ్యాచుల వీడియో లేకపోతే ఎన్‌ఎఫ్‌ఎల్ వాడు ఏం చూసి తీసుకుంటాడు?

నేను బాండు తెంచుకుని వెళ్ళలేదు, భయపడ్డాను. అంచేతే వెళ్ళగలిగినవాణ్ణి చూస్తే నాకు గౌరవం.

ఇహ పోర్టల్‌లో అంతా అమృతమే అని నేను అనట్లేదు. పేరు ఎక్కించుకున్న క్షణం నుంచీ పాత కాలేజీకి ఆ టర్ము అయ్యాక స్కాలర్‌షిప్పు ఆపేసే హక్కు వస్తుంది. కొత్త కాలేజీ పిలవకపోతే కుర్రాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. ఏటా వేలమంది పేరు ఎక్కిస్తే, అందులో చాలామందికి అంత పెద్ద చోటు దొరకదు, కొంతమందికి అసలు చోటే దొరకదు. కాలేజీ మారితే పాత క్రెడిట్లు అన్నీ లెక్కలోకి రావు, డిగ్రీ వెనక్కి పోతుంది. కాలేజీలో ఆడేవాళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళేది వందకి ఇద్దరు కూడా కాదు. మిగతావాళ్ళకి అన్నం పెట్టేది ఆ డిగ్రీయే. ఇక 2021 జులై నుంచి పేరు వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చన్నాక, 2025 జులై నుంచి కాలేజీలే మొదటి ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకి పంచొచ్చన్నాక, ఆట కోసం కాకుండా నోట్ల కోసమే దూకేవాళ్ళూ తయారయ్యారు. పక్కన ఉండి దూకు దూకు అనే ఏజెంట్లూ తయారయ్యారు.

ఇవన్నీ నిజాలే. కానీ దీనికి మందు మళ్ళీ తాళం వెయ్యడం కాదు. కన్సల్టెన్సీలు మోసం చేస్తున్నాయని మనల్ని ఉద్యోగాలు మారొద్దంటే ఒప్పుకుంటామా? పోర్టల్‌లో పేరు పెట్టినా కొత్త చోటు దొరికేదాకా స్కాలర్‌షిప్పు తియ్యొద్దు. ఎక్కడ ఆడినా డిగ్రీ అయ్యేదాకా ఖర్చు పెట్టుకోండి. మారినవాడి క్రెడిట్లు ఒప్పుకోండి. కుర్రాణ్ణి ఉంచుకోవాలనుకుంటే కోచ్‌కి రాసినట్టే వాడికీ రెండువైపులా కట్టుబడే కాంట్రాక్టు రాయండి, వదిలేస్తే వాడు కట్టాలి, తీసేస్తే మీరు కట్టాలి. అది రాయకుండా ఇన్నాళ్ళూ "వీళ్ళు ఉద్యోగులు కాదు, విద్యార్థులు" అని వాదించింది ఎవరు? కాలేజీలే. విద్యార్థులంటే మారతారు మరి! విద్యార్థి అని చెప్పి జీతం ఎగ్గొట్టి, ఉద్యోగిలా కట్టేస్తాం అంటే రెండూ కుదరవు.

చివరగా ఒక మాట, ఇది మనకి మనం చెప్పుకోవాల్సింది. ఇక్కడ మనలో చాలామందికి కదలడం అంటే ఏంటో బాగా తెలుసు. 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని, హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడు కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యగానే అక్కడ పని మొదలెట్టొచ్చు. ఆ ఒక్క వెసులుబాటు లేకపోతే మన బతుకులు ఎలా ఉండేవో ఊహించుకోండి. అది ఉన్నా కూడా గ్రీన్ కార్డు క్యూలో పదేళ్ళుగా నిలబడి, మేనేజరు ఏమన్నా నవ్వుతూ తలూపే అన్నయ్యలు మన చుట్టూ ఎంతమంది లేరు? ఇండియాలో 90 రోజుల నోటీసు పీరియడ్ గురించి బండబూతులు తిట్టని ఇంజినీరు ఉన్నాడా? కదలనివ్వకపోతే ఎలా ఉంటుందో ఇంత బాగా తెలిసినవాళ్ళం, సోఫాలో కూర్చుని చికెన్ వింగ్స్ తింటూ, ఒక పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి "కూర్చో, నీ వంతు వచ్చేదాకా కూర్చో" అనడం నాకు నచ్చలేదు.

అన్నా, ఈ అక్టోబరులో కాటన్ బౌల్‌కి టికెట్ దొరికితే నేనూ వస్తాను, ఎర్ర చొక్కా కూడా వేసుకుంటాను. మైదానంలో ఉన్నవాడు ఎక్కణ్ణించి వచ్చాడని అడగను. నువ్వు కూడా, సైడు లైన్లో క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడ్డవాడు వచ్చే ఏడాది వెళ్ళిపోతే ఎందుకెళ్ళాడని అడగొద్దు. ఆడటానికి వెళ్ళాడు. అంతే :)